ద్వీపంలో సముద్రతీర టైమ్‌షేర్ తీసుకోవాలనుకుంటున్నాం: ఏ ద్వీపం, ఏ తీరం, ఏ వారం?

వేళచ్చేరి వాసి, చెన్నై

అందరికీ నమస్కారం. నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగస్థులం. పెద్దబ్బాయి ఏడో తరగతి, అమ్మాయి మూడో తరగతి చదువుతున్నారు. మా అత్తగారూ మామగారూ మాతోనే ఉంటారు. ఏడాదికి ఒక్క వారమైనా ఆరుగురం కలిసి వెచ్చని సముద్రతీరం ఉన్న ద్వీపంలో గడపాలని చాలాకాలంగా అనుకుంటున్నాం. హోటల్లో దిగితే రెండు, మూడు గదులు తీసుకోవలసి వస్తోంది, అవి ఒకే అంతస్తులో దొరకడం లేదు. పైగా అత్తగారికి బయటి భోజనం రెండు పూటలకు మించి పడదు. అందుకని ముందే సొమ్ము కట్టి ఏటా ఒక వారం వాడుకునే హక్కు కొనుక్కునే టైమ్‌షేర్ పద్ధతిలో, వంటగది, రెండు పడకగదులు ఉన్న అపార్ట్‌మెంటు మాకు సరిపోతుందేమో అనిపించింది.

ఈమధ్య నుంగంబాక్కంలోని ఒక హోటల్లో ఏర్పాటు చేసిన పరిచయ సమావేశానికి వెళ్ళాం. భార్యాభర్తలిద్దరూ తప్పనిసరిగా రావాలని ఫోనులో ముందే చెప్పారు. ఫుకెట్, బాలి, మారిషస్ రిసార్టుల ఫొటోలు చూపించి, 25 ఏళ్ళపాటు ఏటా ఒక వారం, రెండు పడకగదుల అపార్ట్‌మెంటుకు తొమ్మిది లక్షల రూపాయలు, ఆపైన ఏటా ముప్పై వేల నిర్వహణ రుసుము, దానిమీద జీఎస్టీ అని చెప్పారు. మేము లేవబోతుంటే మేనేజరు వచ్చి ఒక తెల్లకాగితం మీద తగ్గించిన ధర రాసి, అది ఆ రాత్రికి మాత్రమే వర్తిస్తుందన్నారు. మేము సంతకం చేయకుండా వచ్చేశాం. ఇప్పుడు అదే ధరను ఈ ఆదివారం దాకా పొడిగించామని మళ్ళీ ఫోను చేస్తున్నారు.

పిల్లల సెలవులను బట్టి మాకు వీలయ్యేది మే నెల, లేకపోతే క్రిస్మస్ వారం. ఈ రెండింటికి తగిన ద్వీపం ఏది, అందులో ఏ వైపు తీరం మంచిది, ఈ ధర సబబేనా అన్నది అనుభవజ్ఞులు చెబితే మాకు ఎంతో మేలు చేసినవారవుతారు.

జయనగర్ పాఠకురాలు, బెంగళూరు

వేళచ్చేరి వాసి గారూ, ముందుగా మీకు దొరికే వారం ఏదో ఖాయం చేసుకోండి, రిసార్టు సంగతి ఆ తర్వాత చూడవచ్చు. టైమ్‌షేర్ అమ్మేవారు చూపించే ఫొటోల్లో సముద్రం ఎప్పుడూ నీలంగా, నిశ్చలంగానే ఉంటుంది. అయితే ఆ ఫొటో ఏ నెలలో తీశారన్నది, మీ పిల్లల సెలవులు ఏ నెలలో వస్తాయన్నది పక్కపక్కన పెట్టి చూడాలి. మేము చాలా ఏళ్ళుగా టైమ్‌షేర్ వాడుతున్నాం, దానివల్ల మాకు సంతోషమే తప్ప పశ్చాత్తాపం లేదు. అందుకే మీరు సరైన వారం కొనుక్కోవాలని గట్టిగా చెప్పాలనిపిస్తోంది.

ఫుకెట్ సంగతి చూడండి. నైరుతి రుతుపవనాలు కేరళను తాకకముందే, మే నెల మధ్యలోనే అండమాన్ సముద్రం మీదికి వస్తాయి. ఫుకెట్‌లో పేరున్న బీచిలన్నీ ఆ సముద్రం వైపే, పడమటి తీరాన ఉన్నాయి. మే నుంచి అక్టోబరు దాకా అక్కడ అలలు పెద్దవిగా ఉంటాయి, ఒడ్డు నుంచి లోపలికి లాగేసే ప్రవాహాలు పుడతాయి, ఎర్రజెండాలు పాతి ఈతను నిషేధిస్తారు. మే సెలవుల్లో మూడో తరగతి పిల్లను అక్కడికి తీసుకువెళితే సముద్రాన్ని బాల్కనీలోంచి చూసి ఈతకొలనుతో సరిపెట్టుకోవలసి రావచ్చు. అదే డిసెంబరు చివర నుంచి మార్చి దాకా అయితే ఆ తీరం అద్భుతంగా ఉంటుంది. కాకపోతే క్రిస్మస్ వారానికి ప్రపంచమంతా అక్కడికే బయలుదేరుతుంది కాబట్టి ఆ వారం ధరా ఎక్కువే, దొరకడమూ కష్టమే. రిసార్టులు ఎక్కువగా ఉన్న మాయ్ ఖావ్ బీచి విమానాశ్రయానికి దగ్గర, జనం తక్కువ, చూడటానికి ఎంతో బాగుంటుంది. అయితే అక్కడ ఒడ్డు దగ్గరే లోతు ఒక్కసారిగా పెరుగుతుంది కనుక చిన్నపిల్లలకు అది తగిన బీచి కాదని నా అభిప్రాయం.

థాయ్‌లాండ్‌లోనే కో సముయి ద్వీపం అవతలి వైపు, థాయ్‌లాండ్ సింధుశాఖలో ఉంది. మంగళూరుకూ చెన్నైకూ వానలు వేర్వేరు నెలల్లో కురిసినట్లే ఫుకెట్‌కూ సముయికీ కూడా కాలం తిరగబడుతుంది. సముయిలో భారీ వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ముఖ్యంగా నవంబరులో పడతాయి, మే నెలలో పరవాలేదు. ఒకే దేశం కదా అని రెండింటినీ ఒకే గాట కట్టి మాట్లాడే అమ్మకందారును నమ్మకండి. శ్రీలంకలోనూ ఇదే తేడా కనిపిస్తుంది. బెంటోట, హిక్కడువ, ఉనవటున వంటి నైరుతి తీరాలు డిసెంబరు నుంచి మార్చి వరకు బాగుంటాయి. మే నెలలో వెళ్ళేవారు తూర్పున ఉన్న నిలావెలి, పాసికుడా వైపు చూడాలి. పాసికుడాలో సముద్రంలోకి చాలా దూరం నడిచినా నీళ్ళు నడుము దాటవు. చెన్నై నుంచి కొలంబోకు విమానంలో గంటన్నరే కానీ, అక్కడి నుంచి తూర్పు తీరానికి రోడ్డు ప్రయాణం పెద్దవాళ్ళకు చాలా బడలిక కలిగిస్తుంది.

బాలిలో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పొడికాలం, నవంబరు నుంచి మార్చి దాకా వానాకాలం. అంటే మే నెల బాలికి మంచికాలం, క్రిస్మస్ మంచిది కాదు. వానాకాలంలో పడమటి గాలులకు కుటా, జింబరాన్ వంటి బీచిల్లోకి ప్లాస్టిక్ చెత్త పెద్దఎత్తున కొట్టుకువస్తుంది కూడా. పిల్లలకూ పెద్దలకూ అయితే నుసా దువా, సనూర్ తీరాలు నయం. పగడపు దిబ్బ అడ్డంగా ఉండటం వల్ల అలలు ఒడ్డుకు వచ్చేసరికి నెమ్మదిస్తాయి. అయితే ఆటు సమయంలో నీరు బాగా వెనక్కి వెళ్ళిపోయి నాచూ పగడపు ముక్కలూ బయటపడతాయి. కాబట్టి ఈతకు ఏ పూట వీలవుతుందో ఆటుపోట్ల పట్టిక చూసుకోవలసి ఉంటుంది.

మీ ఇద్దరి సెలవులనూ, పెద్దవాళ్ళనూ దృష్టిలో పెట్టుకుంటే మే నెలకు నేను మారిషస్‌ను ముందు పెడతాను. అక్కడ తుపానుల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ వరకు, ముఖ్యంగా జనవరి నుంచి మార్చి వరకు. మే వచ్చేసరికి ఆకాశం తేటపడుతుంది, సముద్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా ఆగ్నేయం నుంచి వీచే గాలులు తూర్పు, దక్షిణ తీరాలను బలంగా తాకుతాయి. అందుకని ఉత్తరాన గ్రాండ్ బే, త్రూ ఓ బిష్, పడమటన ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ వైపు రిసార్టు చూసుకుంటే గాలి చాటున ఉంటారు. ద్వీపం చుట్టూ దాదాపు అంతటా పగడపు దిబ్బ ఉంది కనుక దాని లోపలి నీరు చెరువులా ఉంటుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. నీటి అడుగున రాళ్ళ సందుల్లో నల్లని ముళ్ళ సముద్రజీవులు ఉంటాయి కాబట్టి ఆరుగురికీ రబ్బరు చెప్పులు కొని పెట్టుకోండి. ఆ ముల్లు అరికాలిలో విరిగిందంటే ఆ వారమంతా కుంటుతూ గడపాలి. 19వ శతాబ్దంలో చెరకు తోటల పనికి వెళ్ళిన మనవాళ్ళ సంతతి అక్కడ ఉంది, ఉగాది ప్రభుత్వ సెలవుదినం కూడా. అంగట్లో కందిపప్పు, కరివేపాకు దొరుకుతాయి కనుక మీ అత్తగారి వంటకు లోటుండదు.

అండమాన్ గురించి ఒక్క మాట. చెన్నై నుంచి శ్రీ విజయపురానికి, అంటే పాత పోర్ట్ బ్లెయిర్‌కు, రెండు గంటల విమానం, పాస్‌పోర్టు అవసరం లేదు. స్వరాజ్ ద్వీప్ (పాత హేవ్‌లాక్) లోని రాధానగర్ బీచికి సాటి వచ్చేవి తక్కువ. అయితే అక్కడా మే నెల మధ్య నుంచి వానలే. సముద్రం పోటెత్తితే ద్వీపాల మధ్య పడవలు ఆపేస్తారు. మీకు జనవరి నుంచి ఏప్రిల్ లోపు వీలయితేనే దాన్ని పరిశీలించండి.

మైలాపూర్ ఆడిటర్, చెన్నై

కాలాల గురించి జయనగర్ పాఠకురాలు గారు చెప్పినదానికి నేను చేర్చగలిగింది ఏమీ లేదు. లెక్క మాత్రం వేసి చూపిస్తాను.

తొమ్మిది లక్షలను 25 ఏళ్ళకు పంచి, వారానికి 36,000 మాత్రమే అని అమ్మకందారు చెబుతారు. ఆ సొమ్ము బ్యాంకులో ఏడు శాతం వడ్డీకి వేస్తే ఏడాదికి 63,000 వస్తుందన్న సంగతి వారు చెప్పరు. నిర్వహణ రుసుము 30,000, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. రెండూ కలిస్తే మొదటి ఏడాదే 98,400, అంటే ఏడు రాత్రుల్లో ఒక్కో రాత్రికి సుమారు 14,000 రూపాయలు. ఇందులో విమాన టిక్కెట్లు లేవు, మన వారం ఇచ్చి వేరే రిసార్టులో వారం తీసుకునే ఎక్స్ఛేంజ్‌కు కట్టే రుసుము లేదు, 25 ఏళ్ళ తర్వాత అసలు తిరిగి రాదన్న విషయమూ లేదు. మీరు కోరుకునే తీరంలో, మీరు కోరుకునే వారంలో రెండు పడకగదుల అపార్ట్‌మెంటు రోజుకు ఎంతకు అద్దెకు దొరుకుతుందో కనుక్కుని ఈ 14,000తో పోల్చండి. క్రిస్మస్ వారానికైతే అద్దె దీనికి చాలా మించవచ్చు, అప్పుడు టైమ్‌షేర్ లాభమే. మే నెలకు మాత్రం అలా ఉంటుందని ముందే అనుకోకండి.

అంతకన్నా ముఖ్యమైనది నిర్వహణ రుసుము ఏటా ఎంత పెరగవచ్చన్నది. ఏటా ఆరు శాతం చొప్పున పెరిగితే పన్నెండేళ్ళకు అది రెట్టింపవుతుంది, చివరి ఏడాదికి లక్షా ఇరవై వేలు దాటుతుంది. అగ్రిమెంటులో పెరుగుదలకు గరిష్ఠ పరిమితి రాసి ఉందా, లేక ‘సంస్థ ఎప్పటికప్పుడు నిర్ణయించిన మేరకు’ అని వదిలేశారా చూడండి. తుపాను వంటి నష్టం బీమాకు మించితే సభ్యుల నుంచి ప్రత్యేకంగా వసూలు చేసే హక్కు కూడా చాలా అగ్రిమెంట్లలో ఉంటుంది. ద్వీపంలో రిసార్టు తీసుకునేవారు ఆ షరతును తప్పకుండా చదవాలి.

మీరు కొనేది ఆస్తి కాదన్న స్పష్టత కూడా ఉండాలి. ఇండోనేషియాలో విదేశీయులకు భూమి మీద సంపూర్ణ యాజమాన్యం రాదు. థాయ్‌లాండ్‌లోనూ విదేశీయులు భూమి కొనలేరు, అక్కడ ఇళ్ళ లీజు గరిష్ఠ కాలపరిమితి 30 ఏళ్ళు. అంచేత ఆ దేశాల్లో మీకు వచ్చేది వాడుకునే హక్కు మాత్రమే. రిసార్టును నడిపే సంస్థకు ఆ స్థలం మీద ఎన్నేళ్ళ హక్కు మిగిలి ఉందో అడగండి. మీ 25 ఏళ్ళ కన్నా అది తక్కువ అయితే ఆ తర్వాత ఎక్కడ వసతి ఇస్తారో రాతపూర్వకంగా ఉండాలి.

సంతకం చేశాక మనసు మారితే ఏమిటన్నది చివరి సంగతి. యూరోపియన్ యూనియన్‌లో 2008 నాటి ఆదేశం ప్రకారం కొనుగోలుదారుకు 14 రోజుల గడువు ఉంటుంది, ఆ లోపు కారణం చెప్పకుండానే రద్దు చేసుకోవచ్చు. అమెరికాలో ఫ్లోరిడాలో 10 రోజులు, హవాయిలో 7 రోజులు. మన దేశంలో టైమ్‌షేర్‌కంటూ ప్రత్యేక చట్టం లేదు కనుక, అలాంటి గడువు అగ్రిమెంటులో రాసి ఉంటేనే మీకు దక్కుతుంది. రేపు వివాదం వస్తే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు నివసించే ఊళ్ళోనే, అంటే చెన్నైలోనే, జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. మీరు చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపు కాబట్టి అది జిల్లా పరిధిలోకే వస్తుంది. వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ళలోపు వేయాలి. నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం విషయంలో అమ్మకందారు ఇచ్చిన హామీలన్నీ నోటిమాటలే, అగ్రిమెంటులో ఒక్కటీ లేదు. కాగితం లేకుండా నిరూపించడం ఎంత కష్టమో వారి ఫైలు చూసినప్పుడు నాకు బాగా తెలిసివచ్చింది.

వేళచ్చేరి వాసి, చెన్నై

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మావారూ నేనూ కూర్చుని చదివాం. మే నెలకు మారిషస్ అన్నది మా అందరికీ నచ్చింది, మామగారు ఉగాది సంగతి విని చాలా సంతోషించారు. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. మన దగ్గర ఏదైనా హిల్‌స్టేషన్‌లో తక్కువ ధరకు ఒక వారం కొనుక్కుని, ఎక్స్ఛేంజ్ ద్వారా ఏటా ద్వీపాలకు వెళ్ళవచ్చని సమావేశంలో మరొకరు అన్నారు, అది నిజంగా కుదురుతుందా? అత్తగారికి మోకాళ్ళ నొప్పులు కనుక అపార్ట్‌మెంటు ఎంచుకునేటప్పుడు ఏవేవి అడగాలి?

అన్నానగర్ విశ్రాంత ఉద్యోగి, చెన్నై

అమ్మా, మా అమ్మాయీ అల్లుడూ న్యూజెర్సీలో ఉంటారు. వాళ్ళకు కరీబియన్ సముద్రంలోని అరూబా ద్వీపంలో టైమ్‌షేర్ ఉంది. మేము అక్కడ ఉన్నప్పుడు వాళ్ళతోపాటు వెళుతుంటాం, ఎక్స్ఛేంజ్ మీద వేరే చోట్లకూ వెళ్ళాం. ఆ అనుభవంతో రాస్తున్నాను.

ఎక్స్ఛేంజ్ అన్నది బియ్యం పోసి అరటిపళ్ళు కొన్నట్లే, మీ బియ్యం ఏపాటివన్న దాన్నిబట్టి పళ్ళు వస్తాయి. అమెరికాలో 1974లో మొదలైన ఆర్‌సీఐ, 1976లో మొదలైన ఇంటర్వల్ ఇంటర్నేషనల్ ఈ ఎక్స్ఛేంజ్ నడిపే ప్రధాన సంస్థలు. మీ వారాన్ని అక్కడ జమ చేస్తే, ఆ రిసార్టుకూ ఆ సీజనుకూ ఎంత గిరాకీ ఉంది, ఎన్ని నెలల ముందు జమ చేశారు, గది ఎంత పెద్దది అన్నవాటిని బట్టి దానికి విలువ కడతారు. వానాకాలంలో హిల్‌స్టేషన్‌లో విడి పడకగది లేని స్టూడియో గది వారాన్ని జమ చేసి క్రిస్మస్‌కు ఫుకెట్‌లో రెండు పడకగదులు ఆశించడం కుదరదు. సెలవుల వారం కాకుండా గిరాకీ లేని నెలల్లో వెళ్ళగలిగేవారికి మాత్రం ఎక్స్ఛేంజ్ చాలా బాగా పనికివస్తుంది, మా వంటి విశ్రాంత ఉద్యోగులకు అది వరమే. బడి పిల్లలున్న మీకు అది నమ్ముకోదగిన మార్గం కాదు. ప్రతిసారీ ఎక్స్ఛేంజ్ రుసుము వేరే కట్టాలి. కొన్ని రిసార్టులు ఎక్స్ఛేంజ్ మీద వచ్చినవారి నుంచి భోజనంతో కలిపిన ప్యాకేజీ సొమ్ము తప్పనిసరిగా వసూలు చేస్తాయి, వండుకుని తినేవారికి అది వృథా ఖర్చు.

గాలి చాటు తీరం గురించి పైన చెప్పినది అక్షరాలా నిజం. అరూబాలో ఈగల్ బీచి, పామ్ బీచి పడమటి వైపున ఉండి ప్రశాంతంగా ఉంటాయి, తూర్పు తీరంలో అలలు రాళ్ళకు కొట్టుకుంటూ ఉంటాయి. కరీబియన్‌లో జూన్ నుంచి నవంబరు దాకా హరికేన్ల కాలం అయినా అరూబా బాగా దక్షిణాన ఉండటం వల్ల వాటి దెబ్బ అరుదుగా తగులుతుంది, అందుకే అక్కడ అంతమంది టైమ్‌షేర్ కొంటారు. హవాయి పెద్ద ద్వీపంలో తూర్పున హీలో పట్టణంలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, పడమటన కోహాలా తీరంలో 250 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఒకే ద్వీపంలో ఇంత తేడా ఉంటుంది.

ఇక మోకాళ్ళ సంగతి. రెండు పడకగదుల అపార్ట్‌మెంటు అంటే ఏమిటో ముందు అడుగు. చాలాచోట్ల అది ఒక పడకగది ఇల్లూ ఒక స్టూడియో గదీ కలిపిన అమరిక. మధ్య తలుపు తీస్తే ఒకే ఇల్లు, వేస్తే రెండు వేర్వేరు గదులు. అసలు వంటగది ఒకవైపే ఉంటుంది, రెండోవైపు మైక్రోవేవూ చిన్న ఫ్రిజ్జూ మాత్రమే ఉంటాయి. పెద్దవాళ్ళను వంటగది ఉన్న వైపు పడుకోబెట్టాలంటే ఆ వైపు స్నానాలగది చూడాలి. మేము దిగిన ఒకచోట పెద్ద పడకగదికి ఉన్నది స్నానపు తొట్టి. దాని అంచు మోకాలి ఎత్తున ఉంది, పట్టుకోవడానికి గోడకు కడ్డీ లేదు. మా ఆవిడ రోజూ స్టూడియో వైపు వెళ్ళి స్నానం చేయాల్సి వచ్చింది. అంచేత షవరు నేలమట్టాన ఉందా, కడ్డీ ఉందా, లిఫ్టు ఉందా, విల్లా అయితే పడకగది మేడమీద ఉందా అన్నవి అడిగి ఫొటోలు తెప్పించుకో. బీచికి ఎన్ని మెట్లు దిగాలో కూడా కనుక్కో. సముద్రం కనిపించే గది, సముద్రానికి ఎదురుగా ఉన్న గది అని రెండు రకాలు ఉంటాయి. మొదటిదానిలో బాల్కనీ మూలకు వెళ్ళి మెడ చాచితేనే నీళ్ళు కనిపించవచ్చు, ధర మాత్రం తోటవైపు గది కన్నా ఎక్కువే.

జయనగర్ పాఠకురాలు, బెంగళూరు

పెద్దాయన చెప్పిన స్నానాలగది సంగతి బంగారం లాంటి మాట. వేళచ్చేరి వాసి గారూ, కొనకముందే వచ్చే మే నెలలో ఆ రిసార్టులోనే ఒక వారం అద్దెకు దిగి చూడండి. తమ వారాన్ని వాడుకోలేని సభ్యులు దాన్ని అద్దెకు ఇస్తుంటారు, రెడ్‌వీక్ వంటి వెబ్‌సైట్లు అందుకోసమే ఉన్నాయి, రిసార్టులు కూడా ఖాళీ అపార్ట్‌మెంట్లను నేరుగా అద్దెకు ఇస్తాయి. మీ అత్తగారు ఆ వంటగదిలో ఒక పూట వండి, పిల్లలు ఆ నీళ్ళలో ఈదాక కొనాలో వద్దో మీకే స్పష్టమవుతుంది. అక్కడ ఉన్నప్పుడు ఈతకొలను దగ్గర కలిసే పాత సభ్యులను మే నెలలో బుకింగు ఎన్ని నెలల ముందు నిండిపోతుందో అడగండి. తేదీలు ఖాయం కాని ఫ్లోటింగ్ వారం అయితే ఎప్పుడైనా వాడుకోవచ్చని అమ్మేటప్పుడు చెబుతారు, సెలవుల్లో అందరూ ఒకేసారి అడిగితే మీ వంతు వస్తుందా లేదా అన్నది వాడుతున్న వారికే తెలుస్తుంది. అలా కాకుండా మే నెలలో ఫలానా వారమని ఖాయంగా రాసి ఇచ్చేదైతే, కొంచెం ఎక్కువైనా దానికే నా ఓటు.

మైలాపూర్ ఆడిటర్, చెన్నై

ఆదివారం గడువు గురించి ఒక సూచన చేసి ముగిస్తాను. ఫోనులో బదులు చెప్పకండి, సంస్థకు ఈమెయిల్ రాయండి. మే నెలలో మా వారం ఖాయమా లేక ఖాళీ ఉంటేనా, నిర్వహణ రుసుము ఏటా గరిష్ఠంగా ఎంత పెంచుతారు, ప్రత్యేక వసూళ్ళు ఉంటాయా, సంతకం చేశాక ఎన్ని రోజుల్లో పూర్తి సొమ్ముతో రద్దు చేసుకోవచ్చు, మధ్యలో మేము వద్దనుకుంటే మా సభ్యత్వాన్ని వేరొకరికి బదిలీ చేయడానికి ఎంత రుసుము అని అడిగి, అగ్రిమెంటు నమూనా కాపీ పంపమనండి. తెల్లకాగితం మీద రాసిన ఆ ధరను కూడా అదే ఈమెయిల్‌లో పేర్కొని ధ్రువీకరించమనండి. సోమవారం దాకా జవాబు రాకపోతే జయనగర్ పాఠకురాలు గారు చెప్పినట్లు మే నెల అద్దె ఏర్పాట్లు మొదలుపెట్టండి. జవాబు వస్తే, పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, షరతులు ఒక్కొక్కటీ చూసి చెబుతాను.